రెప్ప వేస్తే తేటపడే మసక: నా అనుభవం

నేను చేసేది ప్రూఫులు దిద్దే పని. ధ కీ థ కీ తేడా కడుపులో ఉండే ఒక్క చుక్క. ద కీ ధ కీ తేడా అడుగున ఉండే చిన్న గీత. ఆ చుక్క, ఆ గీత కనిపించకపోతే ఈ పని సాగదు. ఉదయం పూట అన్నీ స్పష్టంగానే కనిపించేవి. మధ్యాహ్నం దాటాక స్క్రీన్ మీద అక్షరాల అంచులు చెరిగిపోయేవి, వత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. సాయంత్రానికి కళ్లలో గరగర, మంట, ఉన్నట్టుండి నీళ్లు కారడం. అద్దాల పవర్ మారి ఉంటుందని ఇంట్లో అన్నారు. నేనూ అదే అనుకున్నాను కానీ, పవర్ మారితే పొద్దున కూడా మసకగానే ఉండాలి కదా అనే అనుమానం వదల్లేదు.

అందుకే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు కొన్నాళ్లు నా కళ్లను నేనే గమనించి ఒక పుస్తకంలో రాసుకున్నాను. మసక ఏ వేళకి మొదలవుతోంది? ఒక కన్ను మూసి చూస్తే రెండో కంటికి ఎలా ఉంది? దూరంలో ఉన్నది మసకగా ఉందా, దగ్గరిదా? రెప్ప వేస్తే ఏమైనా మారుతోందా? ఈ చివరి ప్రశ్నకే అసలు జవాబు దొరికింది. గట్టిగా రెండు మూడు సార్లు రెప్ప వేస్తే అక్షరాలు తేటగా కనిపించేవి, కాసేపటికే మళ్లీ మసకబారేవి. మసక అంటూ డాక్టరు దగ్గరికి వెళ్లబోయే ఎవరికైనా ఈ నాలుగు ప్రశ్నలూ ముందే చూసుకోమని చెబుతాను. పరీక్షల గదిలో కూర్చున్నాక ఇవేవీ గుర్తురావు. (ఒక్కసారిగా వచ్చిన మసకకి మాత్రం ఇలా ఆగి గమనించే పని పెట్టుకోకూడదు. దాని సంగతి కింద రాశాను.)

పెద్దమ్మ ఫోన్ చేసి, "రాత్రి పడుకునేముందు కంట్లో తేనె చుక్క వెయ్యి, మంట పుట్టి మలినమంతా పోతుంది" అంది. ఆవిడ ప్రేమతో చెప్పిందని నాకు తెలుసు. కానీ కంట్లో వేసేది ఏదైనా సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసినదై ఉండాలి. వంటింట్లో ఉన్న తేనె అలాంటిది కాదు. రోజ్ వాటర్, ఉల్లిరసం, ఆముదం, ఆకుల పసర్లు కూడా అంతే. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దానికి ఇన్ఫెక్షన్ సోకి పుండు పడితే, మానాక కూడా మచ్చ మిగలొచ్చు. ఆ మచ్చ చూపుకి అడ్డంగా ఉంటే ఇక శాశ్వతంగా మసకే. "పైన పెట్టేవైతే చేస్తాను పెద్దమ్మా, లోపల మాత్రం ఏదీ వెయ్యను" అన్నాను. ఆ గీత దాటకుండానే నా కళ్లు బాగుపడ్డాయి.

డాక్టరు మొదట అక్షరాల చార్టు చదివించారు. తర్వాత చిన్న రంధ్రం ఉన్న ఒక నల్ల మూతలోంచి చదవమన్నారు. ఆ రంధ్రంలోంచి చూసినప్పుడు బాగా తేటపడితే, ఆ మసక చాలావరకు కళ్లజోడుతో సరిదిద్దగలిగేదే. తేటపడకపోతే కారణం ఇంకెక్కడో వెతకాలి. నా విషయంలో ఇంచుమించు తేడా లేదు. దూరపు చూపు బాగానే ఉంది. దగ్గరి చూపుకి కొద్దిగా చత్వారం మొదలైందన్నారు. నలభై దాటాక కంటి లోపలి కటకం సాగే గుణం తగ్గడం వల్ల అది అందరికీ వచ్చేదే. కంటి లోపలి ఒత్తిడి కూడా చూశారు. అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది, నాది అందులోనే ఉంది. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనక వెలుగుని పట్టుకునే పొర, చూశారు. ఆ చుక్కల ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. దగ్గరివి అసలు కనిపించవు, వెలుతురు భరించలేం. అందుకని సొంతంగా బండి నడుపుకుంటూ రావొద్దని ముందే చెప్పారు. షుగర్ పరీక్ష కూడా చేయించుకోమన్నారు. రక్తంలో చక్కెర బాగా పెరిగినా, ఎక్కువగా ఉన్నది త్వరగా తగ్గినా కటకం ఉబ్బి చూపు మారుతుందట. కొందరికి షుగర్ ఉందని మొదట తెలిసేది ఈ మసక వల్లే.

నాకు బాగా గుర్తున్నవి ఆ తర్వాతి పరీక్షలు. కింది రెప్ప అంచున సన్నటి కాగితం ముక్క తగిలించి 5 నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. కన్నీరు ఆ కాగితం మీద ఎంత దూరం పాకుతుందో కొలుస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే కన్నీటికి లోటు లేనట్టే లెక్క. నాది అంతకంటే ఎక్కువే పాకింది. తర్వాత పసుపు నారింజ రంగు మందు అంటించి, నీలి వెలుగులో చూస్తూ రెప్ప వెయ్యకుండా ఉండమన్నారు. కంటి మీద పరుచుకున్న కన్నీటి పొర ఎంతసేపటికి చీలుతుందో చూడటానికట. 10 సెకన్లయినా నిలవాలి. నాది నాలుగైదు సెకన్లకే అక్కడక్కడ చీలిపోయింది.

"కన్నీళ్లు సరిపడా ఉన్నాయండీ. నిలవడం లేదు, అందుకే కళ్లు ఎండిపోతున్నాయి" అన్నారు డాక్టరు.

"మరి సాయంత్రానికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి కదండీ, ఎండిపోవడం ఎలా అవుతుంది?" అని అడిగాను. అప్పుడు ఆవిడ ఓపిగ్గా చెప్పిన మాటలే ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనికీ ఆధారమయ్యాయి. కంటి ముందు భాగాన్ని ఎప్పుడూ ఒక పల్చటి తడి పొర కప్పి ఉంటుంది. దాని అడుగున కంటికి అంటుకునే జిగురు, మధ్యలో నీరు, పైన నూనె. మనం చూసే వెలుగు కంట్లోకి వెళ్లేటప్పుడు మొదట దాటేది ఈ పొరనే. అది నున్నగా ఉంటే చూపు తేట, చీలితే మసక. పైన ఉన్న నూనె కింది నీటిని ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఆ నూనె రెప్పల అంచున వరుసగా ఉండే చిన్న గ్రంథుల నుంచి వస్తుంది. 17వ శతాబ్దంలో వాటిని వివరించిన జర్మన్ వైద్యుడు మీబోమ్ పేరుతోనే మీబోమియన్ గ్రంథులని పిలుస్తారు. నూనె సరిగ్గా రాకపోతే నీరు త్వరగా ఆరిపోతుంది, కన్ను మండుతుంది, ఆ మంటకి నీళ్లు ఉబికి వస్తాయి. అవి ఉత్త నీళ్లు కాబట్టి నిలవకుండా చెంప మీదికి జారిపోతాయి. నా రెప్ప అంచుని వేలితో మెల్లగా నొక్కి చూశారు. పల్చగా రావాల్సిన నూనె పేరిన నెయ్యిలా చిక్కగా, తెల్లగా వచ్చింది.

రెప్ప వేసినప్పుడు తేటపడటం ఎందుకో అప్పుడు అర్థమైంది. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ పొర కొత్తగా పరుచుకుంటుంది. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకి పడిపోతుంది. నా పనిలో ఒక్క గీత కోసం కళ్లార్పకుండా చూస్తూ కూర్చోవడమే ఎక్కువ. పైగా వేసిన రెప్పలు కూడా పూర్తిగా మూసుకోవు. పై రెప్ప సగం దూరం వచ్చి తిరిగి వెళ్లిపోతుంది. రెప్పలు రెండూ కలిస్తేనే గ్రంథుల్లోంచి నూనె బయటికి వస్తుంది.

ఇక అలవాటు మార్చుకోవడం మొదలుపెట్టాను. రెప్ప వెయ్యాలని గుర్తుపెట్టుకోవడం చాలా కష్టం. పనిలో మునిగాక ఎవరికీ గుర్తుండదు. అందుకని దాన్ని చదివే పనికే ముడిపెట్టాను. ఒక పేరా పూర్తయితే కళ్లు మెల్లగా మూసి, రెండు అంకెలు లెక్కపెట్టి, తెరిచి, మళ్లీ మూసి రెప్పల్ని కొంచెం బిగించి, వదిలి, అప్పుడు తర్వాతి పేరాకి వెళ్లడం. మొదట్లో పని నిదానించింది, విసుగొచ్చింది. తర్వాత్తర్వాత పేరా అయిపోగానే కళ్లు వాటంతటవే మూసుకోవడం మొదలైంది. అన్ని చిట్కాల్లో ఇంత చిన్నది, ఇంత మేలు చేసింది ఇంకోటి లేదని నా నమ్మకం. దీనికి ఏ వస్తువూ అక్కర్లేదు.

రెండోది కాపడం. వేడి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డని మూసిన రెప్పల మీద పెట్టుకోవడం. చెప్పడానికి ఇంతే, చెయ్యడంలోనే ఉంది అంతా. పేరుకున్న నూనె కరగాలంటే రెప్పలకి దాదాపు 40 డిగ్రీల వెచ్చదనం 5 నుంచి 10 నిమిషాలు ఆగకుండా అందాలి. తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లబడిపోతుంది. ఒకసారి పెట్టి తీసేస్తే హాయిగా ఉంటుందే తప్ప లోపలి నూనె కరగదు. నేను రెండు గుడ్డలు పెట్టుకుని, ఒకటి చల్లారగానే రెండోది వేసుకునేదాన్ని. కొన్నాళ్లకి వేడి నిలిచే కంటి మాస్క్ కొనుక్కున్నాను, పని తేలికైంది. ఏదైనా సరే, ముందు మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోవాలి. అక్కడ చురుక్కుమంటే రెప్పకి అసలు పెట్టకూడదు. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చన. కాపడం తీసిన వెంటనే, వెచ్చగా ఉండగానే, పై రెప్పని పైనుంచి కిందికి, కింది రెప్పని కింది నుంచి పైకి, వెంట్రుకల వైపుగా వేలితో మృదువుగా నిమరాలి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. ఆ తర్వాత రెప్పల అంచుల్ని తడి దూదితో తుడుచుకోవాలి. రెప్ప వెంట్రుకల మొదట్లో పొట్టులా కనిపించేది నేను నిద్ర పుసి అనుకునేదాన్ని. అది రెప్పల వాపు గుర్తు అని డాక్టరు చెప్పాకే తెలిసింది. మొదట్లో పొద్దునా సాయంత్రం చేశాను, తర్వాత రోజుకి ఒకసారికి తగ్గించాను. తేడా వెంటనే కనిపించలేదు, వారాలు పట్టింది. కంట్లో చీము, నొప్పి ఉన్నవాళ్లు, ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇది చెయ్యకూడదు.

స్క్రీన్ ఇంతకుముందు కళ్లకి ఎదురుగా, కొంచెం పైకే ఉండేది. దాన్ని దించాను. పై అంచు కంటి మట్టానికి కాస్త కిందే ఉండేలా, చెయ్యి చాచినంత దూరంలో పెట్టాను. కిందికి చూసేటప్పుడు రెప్ప కొంత వాలుతుంది, గాలి తగిలే కంటి భాగం తగ్గుతుంది, తడి నిలుస్తుంది. అక్షరాల సైజు పెంచాను. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా ముఖం మీదికి రాకుండా కుర్చీ తిప్పుకున్నాను. ఈ ఒక్క మార్పుతో సాయంత్రపు మంట సగం తగ్గిందంటే నాకే ఆశ్చర్యం. ఇక 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లు చూడమనే నియమం చాలామంది వినే ఉంటారు. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు. దగ్గరివి చూడాలంటే కంటి లోపలి కండరం బిగుసుకుని ఉండాలి, దూరం చూస్తే అది సడలుతుంది. తల ఎత్తగానే దూరపు వస్తువు కాసేపు మసకగా కనిపించి తర్వాత తేటపడితే ఆ బిగువే కారణం కావచ్చు. నేను గడియారం పెట్టుకోలేదు. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ కిటికీ బయటికి చూస్తాను.

తుమ్ములకి వేసుకునే యాంటీహిస్టమైన్ మాత్రలు కూడా కన్నీటిని తగ్గిస్తాయని అప్పుడే తెలిసింది. నేను అవి తరచుగా వేసుకునేదాన్ని. సొంతంగా మానెయ్యకుండా, రాసిచ్చిన డాక్టర్నే అడిగి మార్పించుకున్నాను.

డాక్టరు కృత్రిమ కన్నీటి చుక్కలు కూడా రాశారు. ఇంతవరకు మందు లేని పద్ధతులే చెప్పి ఇప్పుడు మందు మాట ఎందుకంటారేమో. కంటికి లోటుగా ఉన్న తడినే అవి ఇస్తాయి, అందుకే వాటిని వేరుగా చూడను. రోజుకి నాలుగుసార్లకి మించి వెయ్యాల్సివస్తే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపేది) లేనివి తీసుకోవాలి. మామూలు సీసాల్లో ఉండే ప్రిజర్వేటివే ఎక్కువసార్లు పడితే కంటిని రేపుతుంది. సీసా మొన కంటికి తగలకూడదు. సీసా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో దాని మీదే రాసి ఉంటుంది, చాలావాటికి అది నెల లోపే. ఎర్రదనం పోగొట్టే చుక్కల జోలికి మాత్రం వెళ్లకండి. అవి రక్తనాళాల్ని తాత్కాలికంగా కుదిస్తాయి, మానగానే ఎరుపు మరింత పెరుగుతుంది. ఎవరికో రాసిన స్టీరాయిడ్ చుక్కలు వాడటం ఇంకా ప్రమాదం. తెలియకుండా కంటి ఒత్తిడి పెంచి నీటికాసులు, శుక్లాలు తెచ్చిపెడతాయి.

తిండి గురించి అందరూ చెబుతారు. విటమిన్ ఎ లోపం ఉంటే రేచీకటి వస్తుంది, కన్ను పొడిబారుతుంది, అది నిజం. లోపం లేనివాళ్లు క్యారెట్లు ఎన్ని తిన్నా చూపు పదునెక్కదు. ఆకుకూరలు, పండ్లు, చేపలు ఆరోగ్యం కోసం తినాల్సినవే. చేపనూనె మాత్రల గురించి నాకు చాలా ఆశ ఉండేది. కానీ 2018లో అచ్చయిన డ్రీమ్ అనే పెద్ద పరీక్షలో, పొడి కళ్లకి అవి ఆలివ్ నూనె మాత్రల కంటే ఎక్కువ మేలు చెయ్యలేదని తేలింది. అందుకని వాటికి డబ్బు పెట్టలేదు. నీలి వెలుగుని ఆపే కళ్లద్దాల మీద 2023లో, వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే కొక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. స్క్రీన్ వల్ల కలిగే అలసటని అవి తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదు. కంటి వ్యాయామాలతో కళ్లజోడు తీసెయ్యొచ్చని వందేళ్ల కిందట అమెరికాలో బేట్స్ అనే వైద్యుడు ప్రచారం చేశాడు, ఇప్పటికీ ఆ మాట తిరుగుతూనే ఉంది. సైట్ అనేది ముఖ్యంగా కనుగుడ్డు పొడవుకీ కార్నియా వంపుకీ సంబంధించింది, కండరాలు తిప్పితే మారదు. సూర్యుడి వైపు చూడమనే సలహా అయితే రెటీనాని కాల్చేస్తుంది, ఆ పని ఎవరూ చెయ్యొద్దు.

నా కాపడం చూసి అమ్మ, "నాకూ మసగ్గానే ఉంటోంది, నాకూ పెట్టు" అంది. పెట్టేముందు నా పుస్తకంలోని ప్రశ్నలే ఆవిణ్ణీ అడిగాను. రెప్ప వేస్తే మారదు. పొద్దునా అంతే, రాత్రీ అంతే. ఎదురుగా వచ్చే బండి లైటు చెదిరి ముఖమంతా పరుచుకున్నట్టు ఉంటుంది. రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. పైగా ఈ మధ్య కళ్లజోడు లేకుండానే దగ్గరివి చదవగలుగుతున్నానని సంబరపడింది. ఆ మాటే నాకు టెన్షన్ పెట్టింది, ఎందుకంటే శుక్లం ముదిరేటప్పుడు కొందరికి కొంతకాలం అలా జరుగుతుందని చదివి ఉన్నాను. డాక్టరు చూసి శుక్లాలే అన్నారు. కటకం మసకబారడమే శుక్లం. దాన్ని కరిగించే చుక్కలు లేవు, ఆకులు లేవు. మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం పెట్టడమే దారి. ఆపరేషన్ అయ్యాక అమ్మ మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తోంది. నాకు పనిచేసిందని కాపడం పెడుతూ కూర్చుని ఉంటే ఆవిడకి ఏడాదో రెండేళ్లో చూపు లేకుండానే గడిచిపోయేవి.

ఇంకా కొన్ని మసకలు ఉన్నాయి, వాటికి ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఉన్నట్టుండి ఒక కంట్లో చూపు తగ్గడం. మెరుపులు, గుంపుగా నల్లచుక్కలు, పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉండటం: ఇవి రెటీనా ఊడుతోందనే గుర్తులు కావచ్చు. కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే కంటి ఒత్తిడి అకస్మాత్తుగా పెరిగి ఉండొచ్చు. చూపు మసకతో పాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, చెయ్యి పడిపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు, నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లయితే చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాల్సిందే. షుగర్ వల్ల రెటీనాకి వచ్చే జబ్బు మొదట్లో నొప్పీ మసకా ఏమీ చూపించదు.

నా కళ్లు ఇప్పుడు చాలావరకు కుదుటపడ్డాయి. చత్వారానికి స్క్రీన్ దూరానికి సరిపోయే కళ్లజోడు వేరుగా చేయించుకున్నాను. సాయంత్రం కూడా థ లో చుక్క కనిపిస్తోంది. పని ఒత్తిడిలో కొన్నాళ్లు కాపడం మానేస్తే గరగర మళ్లీ మొదలవుతుంది, పెట్టడం మొదలుపెడితే సద్దుకుంటుంది. అంటే ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాల్సింది. నూనె గ్రంథులు చాలాకాలం మూసుకుపోయి ఉంటే కుంచించుకుపోతాయని, అలా పోయినవాటిని తిరిగి రప్పించడం కష్టమని డాక్టరు చెప్పారు. వచ్చే చెకప్‌లో రెప్పల లోపలి వైపు ఫోటో తీసి ఎన్ని గ్రంథులు నిలిచి ఉన్నాయో చూస్తామన్నారు. అది చూశాక కాపడం ఇలాగే సరిపోతుందా, ఇంకేదైనా చికిత్స కావాలా అన్నది తేలుతుంది.